బొల్లన ఎదురుధారను చూసిన పూట

శంఖావతీ నగరం పాడుపడి మూడు వందల ఏళ్ళయింది. అయినా దాని సింహద్వారం కింద నిలబడి పైకి చూసినవాడి తలపాగా ఇవాళ్టికీ వెనక్కి జారి పడాల్సిందే. అంత ఎత్తు. ద్వారానికి అటూ ఇటూ బారులు తీరిన నూటెనిమిది రాతి ఏనుగులు. ఆనాటి శిల్పులు ఏ బుద్ధి పుట్టి తొలిచారో కానీ, ప్రతి ఏనుగు చెవీ లోపల బోలుగా ఉంటుంది. గాలి వీచిందంటే నూటెనిమిది చెవులూ ఒక్కసారిగా హూంకరిస్తాయి. లోపలికి వెళితే రాజవీథి పొడవునా పగడపు రంగు స్తంభాలు, వాటి మీద చిలకలు, ద్రాక్షగుత్తులు, నడుము వంచి నిలబడ్డ నాట్యకత్తెలు. స్నానవాటిక ఎండిపోయి ఎన్ని తరాలైందో, దాని మెట్లకు పొదిగిన నీలపు రాళ్ళు మాత్రం ఎండకు తళతళలాడుతూ నీళ్ళున్నాయన్న భ్రమ పుట్టిస్తాయి. ఇంత వైభవానికీ ఇప్పుడు కాపలా కాస్తున్నవి ఉడతలు.

ఆ రాజవీథిలో, పొద్దెక్కిన వేళ, ఒక్కడే నడిచి వస్తున్నాడు బొల్లన.

బొల్లన యువరాజు కాడు, మారువేషంలో తిరిగే మంత్రి కొడుకూ కాడు. కుందనదుర్గం రాజ్యంలో చూపరి. ఇదేం వృత్తి అని ముక్కున వేలేసుకోకండి, చెబుతాను. మంచం పట్టినవాళ్ళకూ, కాళ్ళు లేనివాళ్ళకూ, గడప దాటనివ్వని ఇళ్ళలో పడి ఉన్నవాళ్ళకూ లోకంలోని వింతలు చూడాలని ఆశ ఉంటుంది కదా. వాళ్ళ బదులు వెళ్ళి చూసేవాడు చూపరి. చూడాలనుకున్న మనిషి తలవెంట్రుక ఒకటి గుడ్డపేలికలో పెట్టి, ముడి వేసి ఇస్తారు ఇంటివాళ్ళు. ఆ ముడిని ఎర్రసంచిలో వేసుకుని, సంచిని నడుముకు కట్టుకుని చూపరి బయలుదేరతాడు. కొండో కోటో జలపాతమో, దాని ఎదుట నిలబడి, ముడి విప్పి, ఆ మనిషి పేరు మూడుసార్లు పిలుస్తాడు. అతని కళ్ళ ముందున్నదంతా ఆ మనిషికి కలగా వెళ్ళిపోతుంది.

వెళ్ళిపోతుందంటే నిజంగానే వెళ్ళిపోతుంది. చూపరికి ఏమీ మిగలదు. ఆ రోజు పొద్దు పొడిచినప్పటి నుంచి చూసినదీ విన్నదీ, తిన్నదీ కలిసినదీ అంతా తుడిచిపెట్టుకుపోతుంది. తెప్పరిల్లి చూసుకుంటే చేతిలో విప్పిన గుడ్డ ఉంటుంది. పని అయిందన్నమాట, అనుకుని ఇంటిదారి పట్టడమే.

ఇరవై రెండేళ్ళుగా కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగాడు బొల్లన. అతను చూడని వింత లేదు, అతనికి గుర్తున్న వింతా లేదు. సత్రంలో దిగితే నలుగురూ చుట్టూ మూగి, అన్ని దేశాలు తిరిగావు కదా, ఏం చూశావో చెప్పమంటారు. బొల్లన నీళ్ళు నములుతాడు. కాసేపు చూసి, వీడి దగ్గర సరుకు లేదని ఒక్కొక్కరే లేచి పక్క అరుగు మీదికి పోతారు. ఏ రోజు ఏం మరిచిపోతాడో తెలియనివాడికి పిల్లనిచ్చే మామ కూడా ఎక్కడా దొరకలేదు. ఒంటరితనం అతనికి అలవాటైందని ఎవరైనా అంటే నమ్మకండి. అది అలవాటయ్యే సరుకు కాదు. ప్రతి సాయంత్రమూ అతనికి ఏడుపొచ్చినంత పనయ్యేది.

ఈసారి అతను చూడబోయేది యువరాణి తారావళి కోసం. ఆ పిల్లకు తొమ్మిదేళ్ళు. కాలకంబళుడనే మాంత్రికుడు ఆమె కలలను దొంగిలించాడు. కల లేని నిద్రలో పడిన పిల్ల పది నెలలుగా కళ్ళు తెరవలేదు. మూడు మహావింతలు కలగా ఆమె లోపలికి చేరితే లేస్తుందనీ, ఈ పున్నమినాటి పొద్దు గుంకేలోగా చేరకపోతే ఊపిరి ఆగిపోతుందనీ రాజవైద్యుడు తేల్చి చెప్పాడు. మహారాణి విమలాంబిక తన పట్టుచీర కొంగు చింపి, ఏడుస్తూనే మూడు ముడులు వేసి బొల్లన చేతిలో పెట్టింది. రెండు విప్పేశాడు. మూడోది నడుముకుంది. దాన్ని విప్పవలసిన చోటు, శంఖావతికి అవతలి కొండల్లో నీళ్ళు కింది నుంచి పైకి పారే ఎదురుధార. ఆ రోజే పున్నమి.

పాడుపడ్డ వంటశాలలో పొయ్యి మీంచి పొగ లేస్తుండటం చూసి బొల్లన ఆగాడు. లోపల ఒక పెద్దమనిషి జొన్నరొట్టె కాలుస్తున్నాడు. గడ్డం నెరిసింది, ముఖం నవ్వు ముఖం. అతని నడుముకూ ఎర్రసంచి వేలాడుతోంది. అది చూసి బొల్లన ఒక్క అంగలో లోపలికి వెళ్ళాడు. మరో చూపరిని కలిసి అతనికి పదకొండేళ్ళయింది.

"ఎవరి కళ్ళతో వచ్చావు తమ్ముడూ?" అని అడిగాడు ఆ మనిషి. చూపరులు ఒకరినొకరు పలకరించుకునే తీరు అది.

"నావి మాత్రం కావన్నా" అని చెప్పవలసిన జవాబు చెప్పాడు బొల్లన.

అతని పేరు నందెప్పట. పశ్చిమాన ఎక్కడో ఒక షావుకారు తల్లి కోసం ఎదురుధారకే వెళుతున్నాడట. రొట్టె సగం విరిచి బొల్లనకిచ్చాడు, మిరపకాయ కాల్చి పెట్టాడు. బొల్లన తినడానికి కూర్చుంటూ నడుము తడుముకున్నాడు.

ఇక్కడ చూపరుల ఆచారం ఒకటుంది. ముడి ఒంటి మీద ఉండగా అన్నం ముట్టకూడదు. ముట్టుకుంటే ముడిలోని మనిషి వంతు తిండి తిన్నట్టు. ఒంటరిగా ఉన్నప్పుడు సంచి విప్పి ఏ కొమ్మకో తగిలించి తింటారు. కానీ పక్కన మరో చూపరి ఉండగా కొమ్మకు తగిలించారంటే, నిన్ను నమ్మనని ముఖాన చెప్పినంత అవమానం. నీది నా చేతికి, నాది నీ చేతికి, అలా మార్చుకుని వంతులవారీగా తినాలి. బొల్లన పదకొండేళ్ళుగా కొమ్మలకే తగిలిస్తున్నాడు. ఇప్పుడు మనిషి చేతికి ఇచ్చే అదృష్టం కలిగిందని మురిసిపోయాడు. కళ్ళు చెమ్మగిల్లుతుంటే సంచి విప్పి నందెప్ప చేతిలో పెట్టి, రొట్టె తిన్నాడు. పిచ్చివాడు, తలెత్తి కూడా చూడలేదు.

తర్వాత బొల్లన సంచి తిరిగి నడుముకు కట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి బయలుదేరారు. నందెప్ప దారి పొడవునా మాట్లాడుతూనే ఉన్నాడు. ఏ స్తంభం ఏ రాజు నాటించాడో, ఏ ఏనుగు తొండం ఏ యుద్ధంలో విరిగిందో ఎదుట చూసినవాడిలా చెప్పాడు. స్నానవాటికలో కాలుజారి పడ్డ రాజగురువు సంగతి చెబితే బొల్లన పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి ఎన్నేళ్ళయిందో, దవడలు నొప్పి పుట్టాయి.

నగరం దాటగానే గాలిగొంది మొదలయింది. రెండు నిట్టనిలువు కొండల మధ్య బెత్తెడు వెడల్పు దారి, పక్కన పాతాళంలా లోతు. ఆ ఇరుకులో గడియకొకసారి గాలి తోసుకొస్తుంది. వచ్చిందంటే మనిషినే కాదు, మదపుటేనుగునైనా ఎత్తి అవతల పారేస్తుంది. రాతి పగుళ్ళలో వేళ్ళు దూర్చి, గాలి పోయేదాకా బల్లుల్లా అతుక్కుని, మళ్ళీ నాలుగడుగులు వేశారు. మూడోసారి గాలి వచ్చినప్పుడు బొల్లన పట్టుకున్న రాయి ఊడి వచ్చింది. కాళ్ళు గాల్లో తేలాయి. కిందనున్న ముళ్ళపొదలు గింగిరాలు తిరుగుతూ కనిపించాయి. ఇంతలో ఒక చెయ్యి అతని మణికట్టును ఇనుప కడియంలా పట్టుకుంది. నందెప్ప పళ్ళు బిగించి, తన భుజం కీలు జారేదాకా లాగి, అతన్ని దారి మీద పడేశాడు.

బొల్లన ఒగరుస్తూ కృతజ్ఞత చెప్పబోతే, నువ్వు పోతే నేనెవరితో మాట్లాడను, అని నవ్వేశాడు నందెప్ప. ఆ మాటకు బొల్లన ప్రాణం లేచొచ్చింది. గొంది దాటేదాకా అతని చెయ్యి వదల్లేదు.

పొద్దు వాలుతుండగా కొండ మలుపు తిరిగారు. ఎదురుధార కనిపించింది.

లోయ అడుగున ఆకుపచ్చని మడుగు. ఆ మడుగులోంచి లేచి, నల్లని కొండచరియను ఒరుసుకుంటూ, తాటిచెట్టు పొడవంత వెడల్పున తెల్లని నీరు పైకి, పైపైకి పాకుతోంది. చేపలు వెండి రేకుల్లా మెరుస్తూ దానితోపాటు ఎక్కుతున్నాయి. రాలిన మోదుగ పూలు ఎర్రగా గిరగిర తిరుగుతూ ఆకాశానికి పోతున్నాయి. తుంపర్లు నేల మీద పడటం లేదు, మేఘాలను తడుపుతున్నాయి. శిఖరం మీద ఎక్కడో నీరు విచ్చుకున్న చోట ఏడు ఇంద్రధనుస్సులు ఒకదానిలో ఒకటి దూరి ఉన్నాయి. చప్పుడు మాత్రం లేదు. అంత నీరూ పట్టుబట్టను ఎవరో నెమ్మదిగా లాగుతున్నట్టు చిన్న సరసర మాత్రమే.

బొల్లన నోరు వెళ్ళబెట్టి చూశాడు. ఇంకాసేపట్లో ఇదంతా పోతుంది కదా అని మనసు చివుక్కుమంది. పోతేనేం, ఆ పిల్ల చూస్తుంది. సూర్యుడు పడమటి కొండకు బారెడు ఎత్తున ఉన్నాడు. సంచి మూతి వదులుచేసి లోపల చెయ్యి పెట్టాడు.

వేళ్ళకు పట్టు తగల్లేదు. గరుకుగా గొంగడి తగిలింది.

బయటికి తీసి చూస్తే నల్లగొంగడి పేలిక. దానికి ముడి. నల్లగొంగడి కప్పుకుని తిరిగే మాంత్రికుడు ఆ దేశాల్లో ఒక్కడే. బొల్లన గిరుక్కున వెనక్కి తిరిగి చూశాడు. నందెప్ప ఐదడుగుల దూరంలో బండ అంచున నిలబడ్డాడు. ఎడమచేతి వేళ్ళ మధ్య మహారాణి కట్టిన పట్టుముడి లోయ మీదికి వేలాడుతోంది.

"నూటనలభై ఏళ్ళు బతికాను తమ్ముడూ" అన్నాడు కాలకంబళుడు. గొంతులో కోపం లేదు, బెదిరింపూ లేదు. "డెబ్భయ్యో ఏట నా కలలు ఎండిపోయాయి. కళ్ళు మూస్తే చీకటి, తెరిస్తే పగలు. ఆ పిల్ల కలలు తెచ్చుకున్నాను, అవి చిన్నపిల్ల కలలు, నాకు సరిపోలేదు. నాకూ ఒక చూపరి కావాలి. నా ముడి తీసుకునేవాడు ఏ దేశంలోనూ లేడు."

బొల్లన పెదవులు తడుపుకున్నాడు. ఏం చేయమంటావని అడిగాడు.

తన పేరు మూడుసార్లు పిలవమన్నాడు మాంత్రికుడు. పిలిస్తే పట్టుముడి తిరిగి ఇస్తాడట, రెండోసారి ఆ పిల్లను పిలుచుకోవచ్చట, పొద్దు ఇంకా ఉందట.

"పిలిచాక నువ్వేం మాటిచ్చావో నాకు గుర్తుండదు కదా" అన్నాడు బొల్లన.

"ఉండదు. నాకుంటుంది." కాలకంబళుడు ఒక అడుగు ముందుకు వేశాడు. "నేను ఏదీ మరవను తమ్ముడూ. అదే నా ఖర్మ. నువ్వు అన్నీ మరిచేవాడివి. మనిద్దరం కలిసి తిరుగుదాం. పగలంతా నువ్వు చూడు, సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని నువ్వేం చూశావో నేను చెబుతాను. ఇరవై రెండేళ్ళలో నీకు ఎవరైనా చెప్పారా?"

ఎవరూ చెప్పలేదు. ఆ మాట సూటిగా వెళ్ళి బొల్లనకు తగలవలసిన చోటే తగిలింది. అబద్ధం ఎందుకు, అతను కదిలిపోయాడు. గొంగడి ముడి మీద అతని బొటనవేలు ఆడింది కూడా. ఒక్క పేరు. మూడుసార్లు. ఇంక ఏ సాయంత్రమూ ఒంటరిగా ఉండనక్కర్లేదు. కానీ కుందనదుర్గంలో ఆ పిల్ల మంచం పక్కన నేల మీద కూర్చున్న విమలాంబిక ముఖం గుర్తొచ్చింది. ముడి విప్పని రోజున చూసిన ముఖం కనుక అది ఇంకా అతనిదే. ఆ తల్లి తనను నమ్మి కొంగు చింపింది.

"సరే అన్నా" అన్నాడు బొల్లన. "గొందిలో పట్టుకున్నట్టు చెయ్యి పట్టుకో. నాకు భయంగా ఉంది."

కాలకంబళుడి ముఖం ఒక్క క్షణం మెత్తబడింది. నిజంగానే మెత్తబడింది. చెయ్యి చాచాడు. బొల్లన ఆ చేతిని రెండు చేతులా ఒడిసిపట్టి, బండ అంచు నుంచి అతనితో సహా ఎదురుధారలోకి దూకాడు.

నీళ్ళు వాళ్ళను ఎగరేసుకుపోయాయి. మాంత్రికుడు మంత్రం అందుకోబోతే గుక్కెడు నీళ్ళు గొంతులో దిగాయి. నోట నీళ్ళు నిండినవాడు మంత్రం ఎలా చదువుతాడు? తన్నుకున్నారు, కొరుక్కున్నారు. ఒకసారి వీడు పైన, ఒకసారి వాడు పైన. చేపలు ముఖాలకు తగులుతున్నాయి. కాలకంబళుడి గోళ్ళు బొల్లన మెడ మీద నాలుగు చాళ్ళు తీశాయి. బొల్లన అతని ఎడమ పిడికిలిని నోటికి అందుకుని, బొటనవేలు కొరికి, పట్టుముడి పళ్ళతో లాక్కున్నాడు. తడిసిన ముడి, రాయిలా బిగిసింది. విమలాంబిక ఏడుస్తూ బిగించిన ముడి. కింది దవడ పన్ను ఒకటి కదిలిపోయింది కానీ ముడి కదల్లేదు. కొండ అంచులు రివ్వున కిందికి పోతున్నాయి. సూర్యుడి అంచు పడమటి కొండకు ఆనింది.

శిఖరం మీద నీరు వాళ్ళను ఆకాశంలోకి విసిరేసింది. ఆ విసురులోనే ముడి ఊడింది.

"తారావళీ" అన్నాడు బొల్లన. ఏడు ఇంద్రధనుస్సుల మధ్యలో ఉన్నాడు అప్పుడు. కింద శంఖావతి ఏనుగులు చీమల్లా, గాలిగొంది నల్ల దారంలా, దూరాన కుందనదుర్గం కోట కొమ్ములు ఎర్రటి ఎండలో.

"తారావళీ." ఇంత అందం ఒక మనిషి కళ్ళల్లో పడుతుందని అతనెన్నడూ అనుకోలేదు. ఉంచుకోవాలనిపించింది. ఇదొక్కటి, ఒక్కటంటే ఒక్కటి తనకు ఉంచుకోవాలని గుండె కొట్టుకుపోయింది.

"తారావళీ" అని మూడోసారి అరిచాడు.

అక్కడ కోటలో, మంచం కోడుకు తల ఆనించి కూర్చున్న విమలాంబిక ఉలిక్కిపడింది. పది నెలలుగా ఆవిడ చెవులు కాచుకున్న చప్పుడు వినిపించింది. నిద్రలో తారావళి కిలకిల నవ్వింది. నవ్వి, పక్కకు ఒత్తిగిల్లి, కళ్ళు తెరిచి, అమ్మా, చేపలు ఆకాశంలోకి ఎక్కుతున్నాయే, అని చెప్పింది.

ఇక్కడ బొల్లన కళ్ళు తెరిచేసరికి ఒక కొండశిఖరం మీద, తడి రాళ్ళ మధ్య బోర్లా పడి ఉన్నాడు. ఒళ్ళంతా నీళ్ళు కారుతున్నాయి. మెడ మండుతోంది. నోట్లో నెత్తురు రుచి. ఎక్కడున్నాడో, ఇక్కడికి ఎలా వచ్చాడో తెలియలేదు. పిడికిలి విప్పి చూసుకున్నాడు. విప్పిన పట్టుగుడ్డ ఉంది. పని అయిందన్నమాట. పిల్ల బతికిందన్నమాట. అమ్మయ్య అనుకున్నాడు. ఆ వెంటనే, అలవాటు ప్రకారం, ఈ సంగతి చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేరని దిగులు ముంచుకొచ్చింది.

అప్పుడు మూలుగు వినిపించింది. శిఖరం అంచున ఒక ముసలాయన వేలాడుతున్నాడు. ఒక చేత్తో చెట్టు వేరు పట్టుకున్నాడు, ఆ చేతి బొటనవేలు నెత్తురోడుతోంది. వేరు ఒక్కొక్క పీచుగా తెగుతోంది. కింద కంటికి ఆనని లోతు. బొల్లన పాకుతూ వెళ్ళి అంచు దగ్గర పడుకుని చెయ్యి చాచాడు.

"ఎవరివన్నా నువ్వు?" అని అడిగాడు.

ముసలాయన తలెత్తి అతని ముఖంలోకి చూశాడు. ఆ కళ్ళలో ముందు భయం కనిపించింది, తర్వాత ఆశ్చర్యం, ఆ తర్వాత ఇంకేదో.

"నందెప్పను. నీలాగే చూపరిని" అన్నాడు. "పొద్దున్నుంచీ కలిసే వచ్చాం తమ్ముడూ. గాలిగొందిలో పడబోతే నిన్ను పట్టుకుని లాగింది నేనే."

ఒకరు తనతో వచ్చారు. రోజంతా తనతో నడిచారు. ఆ మాట లోపలికి దిగేసరికి బొల్లన కళ్ళ నుంచి నీళ్ళు జలజలా రాలాయి. రెండు చేతులా పట్టుకుని, కాళ్ళు రాతికి తన్నిపెట్టి, బలమంతా కూడదీసుకుని ముసలాయన్ని పైకి లాగాడు. ఇద్దరూ పక్కపక్కన కూలబడి ఆయాసపడ్డారు. పడమట సూర్యుడు పూర్తిగా దిగిపోయాడు, తూర్పున పున్నమి చంద్రుడు ఎర్రగా పైకొస్తున్నాడు.

"అయితే నేనేం చూశానో నీకు తెలుసా?" అన్నాడు బొల్లన. అడగడానికే భయపడుతున్నవాడిలా అడిగాడు.

"అంతా తెలుసు."

"మొదటి నుంచి చెప్పన్నా" అన్నాడు బొల్లన, పట్టుకున్న చెయ్యి వదలకుండా.